నా కేసు మీద వేసిన స్లైడ్లలో లేనిది

నా జబ్బు పేరు అక్యూట్ ఇంటర్మిటెంట్ పార్ఫైరియా. పేరు చెబితే చాలామంది డాక్టర్లు కూడా ఇంకోసారి చెప్పమంటారు. అందుకు నాకు కోపం లేదు. అరుదైన జబ్బు, చదువుకున్న రోజుల్లో ఎప్పుడో ఒక పేజీ చదివి ఉంటారు. నా కోపమంతా ఒక మాట మీద.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండడం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. ఆ ఏడాది ఉపవాసం, నెలసరి ముందు రోజులు కలిసి వచ్చాయి. సాయంత్రానికి కడుపులో నొప్పి, వాంతులు, గుండె దడ. మలబద్ధకం. బీపీ ఎక్కువగా ఉందన్నారు. స్కాన్ తీశారు, ఎండోస్కోపీ చేశారు, రక్తపరీక్షలు అన్నీ చేశారు. ఎందుకైనా మంచిదని అపెండిక్స్ కూడా తీసేశారు. నొప్పి మాత్రం అలాగే ఉంది.

అప్పుడు పెద్ద సర్జన్ గారు నా మంచం పక్కనే నిలబడి మా ఆయనతో అన్నారు: "స్కాన్‌లో ఏమీ లేదు, పొట్ట మెత్తగా ఉంది. ఇంట్లో ఏమన్నా గొడవలా? కొంతమంది ఆడవాళ్లకి ఇది అలవాటు."

నేను వింటున్నానని ఆయనకు తెలుసు. మా అత్తయ్య గబుక్కున లేచి నిలబడింది. "మా కోడలు పురిటినొప్పులప్పుడు కూడా నోరెత్తలేదు సార్. ఇప్పుడు అరుస్తోందంటే నొప్పి ఉండే ఉంటుంది" అంది. పెళ్లయినప్పటి నుంచి మా ఇద్దరికీ ఎన్ని మాటలు నడిచినా, ఆ ఒక్క మాటకు ఆమెకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఆపరేషన్ కోసం నోటికేమీ పెట్టలేదు. ఆ పస్తు జబ్బును ఇంకా రెచ్చగొట్టిందని తర్వాత తెలిసింది. రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చాయి. ఫిట్స్ ఆగడానికి ఫెనిటాయిన్ ఎక్కించారు. ఈ జబ్బున్నవాళ్లకి ఇవ్వకూడని మందుల్లో అదొకటి.

ఆ రాత్రి గురించి ఇప్పటికీ ఇంట్లో ఎవరితోనూ పూర్తిగా చెప్పలేదు. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. కాలింగ్ బెల్ దిండు పక్కనే ఉంది. నొక్కుదామంటే చెయ్యి లేవలేదు. వేళ్లు కొద్దిగా కదిలాయి కానీ భుజం నుంచి చెయ్యి నాది కానట్టే పడి ఉంది. మా ఆయన కింద చాప మీద పడుకున్నారు, ఆయన జుట్టు కనిపిస్తోంది. పిలుద్దామంటే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. గోడ మీద ఎవరో నడుస్తున్నట్టు కనిపించింది. ఊపిరి కూడా ఆగిపోతుందేమోనని లోపలికి తీసుకున్న ప్రతి శ్వాసనూ గమనిస్తూ, తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ తెల్లవారే దాకా కళ్లు తెరుచుకునే ఉన్నాను.

పొద్దున ఆయమ్మ వచ్చింది. యూరిన్ బ్యాగ్ కిటికీ వైపు వేలాడుతోంది. ఒంగి చూసి, "రాత్రి చూసినప్పుడు బాగానే ఉందమ్మా. ఎండ పడ్డాక చూడు, నేరేడు పళ్ల రసంలా అయిపోయింది" అంది. సిస్టర్‌కి చెప్పింది, ఆమె పట్టించుకోలేదు. అటుగా వెళ్తున్న జూనియర్ డాక్టరమ్మకి చెప్పింది. ఆ అమ్మాయి ఆగింది. వెలుతురుకే రంగు మారుతోందేమో చూడడానికి, కొత్తగా పట్టిన మూత్రాన్ని రెండు ట్యూబుల్లో పోసి ఒకటి కిటికీలో పెట్టింది, ఇంకోటి నల్ల కాగితంలో చుట్టి డ్రాయర్‌లో పెట్టింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని అడిగింది. ఉపవాసం ఉన్నారా? నెలసరి ఎప్పుడు? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా?

అప్పటిదాకా అందరూ అడిగింది షుగరుందా, బీపీ ఉందా అనే. మా అమ్మ అప్పుడు చెప్పింది, మా మేనత్త కడుపునొప్పితో మొదలై, మతి చలించి, చేతులు పడిపోయి చిన్న వయసులోనే పోయిందని. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారట.

సాంపిల్‌ని వెలుతురు తగలకుండా చుట్టి హైదరాబాద్ పంపారు. ఈ జబ్బులో ఒంట్లో పేరుకుపోయే పార్ఫోబైలినోజెన్ అనే పదార్థం విపరీతంగా ఉందని వచ్చింది. ఫెనిటాయిన్ ఆపి లెవెటిరాసెటమ్ అనే వేరే ఫిట్స్ మందు ఇచ్చారు, గ్లూకోజ్ బాగా ఎక్కించారు. రక్తానికి కావలసిన హీమ్ అనే పదార్థాన్ని తయారుచేసే ఎంజైముల్లో ఒకటి మాలాంటి వాళ్లలో సగమే పనిచేస్తుంది. పస్తుంటే, కొన్ని మందులు వేసుకుంటే కాలేయం ఆ పనిని వేగం చేస్తుంది, సగంలో ఆగిన పదార్థాలు పేరుకుపోయి నరాలు దెబ్బతింటాయి. పిండిపదార్థం, గ్లూకోజ్ ఆ వేగాన్ని తగ్గిస్తాయి. హీమిన్ అనే ఇంజెక్షన్ కూడా ఉంది కానీ ఖరీదెక్కువ, మాకు దొరకలేదు. చేతుల్లో బలం మెల్లగా, ఫిజియోథెరపీతో వచ్చింది. మొదటిసారి నా జడ నేనే వేసుకున్న రోజు అత్తయ్య ఏడ్చింది.

1889లో నెదర్లాండ్స్‌లో స్టాక్విస్ అనే డాక్టర్, సల్ఫోనాల్ అనే నిద్రమందు తీసుకున్న ఒక పెద్దావిడ మూత్రం ముదురు ఎరుపుకు తిరగడం, తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి చనిపోవడం చూసి రాసిపెట్టారు. అలా రాసిపెట్టిన కేసులు ఉండబట్టే మా డాక్టరమ్మకి ఆ రంగు చూడగానే అనుమానం వచ్చింది. అందుకే అరుదైన కేసులను రాయాలి, చెప్పుకోవాలి అని నేను గట్టిగా నమ్ముతాను.

నా కేసు మీద కూడా డాక్టర్ల కాన్ఫరెన్స్ ఒకదానిలో స్లైడ్లు వేశారట. చూసిన ఒకాయన చెప్పారు. రెండు ట్యూబుల ఫోటో ఉందట, సోడియం లెక్కలున్నాయట. సంతోషం. "ఇంట్లో గొడవలా" అన్న మాట ఆ స్లైడ్లలో లేదు. ఆయమ్మ కూడా లేదు. ఆ రెండూ కేసులో భాగమే కదా! ఆ మాట అన్న తర్వాత నా నొప్పి గురించి ఎవరూ కొత్తగా ఆలోచించలేదు. రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉండి మనిషి మెలికలు తిరుగుతుంటే ఇంకా చెయ్యని పరీక్ష ఏముందని చూడాలి. దీనికి కావలసింది ఒక మూత్రపరీక్ష.

ఉపవాసాలు మానేశాను. కార్తీక సోమవారం తలస్నానం చేసి దీపం పెట్టి, ప్రసాదం తిని, వేళకు అన్నం తింటున్నాను. శివుడికి నా ఆకలితో పని లేదని నా నమ్మకం. వాడకూడని మందుల చీటీ పర్సులో ఎప్పుడూ ఉంటుంది. పంటి డాక్టర్ దగ్గరకు వెళ్లినా ముందు అదే తీసి చూపిస్తాను. మీలో ఎవరికైనా ఈ జబ్బుంటే తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించండి. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చినా చాలామందికి జీవితాంతం నొప్పి రాకపోవచ్చు. మా తమ్ముడికి ఉందని తేలింది, ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. వాడి జేబులోనూ ఆ చీటీ ఉంది. మా పాపకు సెలవుల్లో చేయిస్తాం.