మా పద్మిని కారుకు స్టాన్స్ కుదిరేసరికి తాతలు దిగొచ్చారు

నిన్న సాయంత్రం చిత్తూరు నుంచి కాణిపాకం దాకా వెళ్లొచ్చాం. వెనక సీట్లో మా బావమరిది కుటుంబం. ఒక్క స్పీడ్ బ్రేకర్ దగ్గర కూడా అడుగు తగల్లేదు, టైరు ఫెండరుకు రాసుకోలేదు. ఆ సంతోషంలో ఉన్నప్పుడే రాసేస్తున్నాను.

బండి 1986 ప్రీమియర్ పద్మిని, మా నాన్న షోరూమ్‌లో కొన్నది. ముంబైలో ఈ టాక్సీలు 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి గానీ చిత్తూరులో నాది తిరుగుతూనే ఉంది. ఇంజిను, పెయింటు, సీట్లు అన్నీ అయ్యాయి, వాటి గురించి చెప్పడానికేమీ లేదు, డబ్బు పెడితే అవుతాయి. మిగిలింది స్టాన్స్, అంటే బండి నేల మీద నిలబడే తీరు. ముక్కు కాస్త దిగి, తోక ఓ పిసరు ఎత్తులో ఉండాలి. అంతే నా కోరిక.

బాగా దించేద్దామని కుర్రాళ్లు చెబుతారు, వినొద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడాగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండిని రెన్యువల్ కోసం ఐదేళ్లకోసారి ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లాలి. అందుకే 14 అంగుళాల చక్రాలు అలాగే ఉంచాను. ఒరిజినల్ స్ప్రింగులు నూనె పూసి అటక మీద పెట్టాను, పాత సెట్టు ఒకటి కొని దాని మీదే పని చేయించాను.

ముందు వైపు కాయిల్ స్ప్రింగులు, అది తేలికగానే అయింది. గ్యాస్ కట్టరు దగ్గరికి రానివ్వకండి, వేడికి స్ప్రింగు పదును పోయి కూలబడుతుంది. కటింగ్ వీల్‌తో అర చుట్టు మాత్రమే కోయించి, బండి దించి చూసి, చాలకపోతే మళ్లీ కోయించుకోవాలి. స్ప్రింగు కూర్చునేది చక్రం దగ్గర కాదు, చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే విష్‌బోన్ చెయ్యి మీద ఇంకాస్త లోపలికి. కాబట్టి అది పొట్టి అయిన దానికంటే బండి ఎక్కువ దిగుతుంది. స్ప్రింగు గట్టిపడుతుంది కూడా.

వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీలు. అక్కడే నా ప్రాణం తీశారు.

కట్టల వంపు తగ్గించింది చిత్తూరులో లారీలకు కమాన్లు చేసే ఆయన. "అందరూ లేపమని వస్తారు, నువ్వేంది అబ్బా దించమంటావు" అని నవ్వాడు గానీ రెండు కట్టలూ ఒకే వంపుకు తెచ్చి, పక్కపక్కన నేల మీద పెట్టి చూపించి మరీ ఇచ్చాడు. బిగించే పని మాత్రం తిరుపతిలో పేరున్న ఒక మోడిఫికేషన్ గ్యారేజీకి ఇచ్చాను. పేరు రాయను. ఏసీ రిసెప్షన్, గోడ నిండా ఫొటోలు.

బండి బయటికొచ్చింది. ముక్కు దిగింది, తోక మాత్రం లోడు దించిన లారీ మాదిరి పైకి లేచి ఉంది. అది చాలదన్నట్టు కుడివైపు అంగుళం పైన ఎత్తు. టేపు పెట్టి చూపించాను, చక్రం నడిమధ్య నుంచి ఫెండరు అంచుకు. నేల నుంచి కొలిస్తే టైర్లో గాలి తేడా కూడా కలుస్తుంది, అందుకే ఎప్పుడూ ఇలాగే కొలవాలి. "నడపండి సార్, సెటిల్ అవుతుంది" అన్నారు. నడిపాను. అవ్వలేదు. మళ్లీ వెళ్తే కట్టలు తప్పు చేశారన్నారు. కమాన్ ఆయన దగ్గర విప్పించి కొలిస్తే రెండూ సమానమే.

మూడోసారి యజమాని స్వయంగా వచ్చాడు. కొత్త థార్ తెచ్చుకున్న కుర్రాళ్ల ముందు బండి చుట్టూ తిరిగి, "ఛాసిస్ వంకర పోయింది సార్, యాక్సిడెంట్ బండి అంటగట్టారు మీకు. అరవై వేలవుతుంది" అన్నాడు. ఆ కుర్రాళ్లు నవ్వారు. మా నాన్న గీత పడనివ్వని బండి అది! పైగా పద్మినికి అడుగున విడిగా ఛాసిస్ చట్రం అనేదే లేదు, బాడీ అంతా ఒకటే. ఆ సంగతి చెబితే, "గూగుల్ చూసొచ్చి మాకు చెప్పొద్దు సార్" అన్నాడు. చెవులు కాలిపోయాయి, తాళం తీసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టక వీళ్లు బిగించిన తీరు తలచుకుంటుంటే తట్టింది. బండిని లిఫ్ట్ మీద పైకెత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే, కట్టలను బాడీకి పట్టించే షాకిల్ బోల్టులన్నీ బిగించారు. కట్ట చివర్లలో బోల్టు దూరే చెవుల్లో ఉండే రబ్బరు బుష్ జారదు, మెలి తిరుగుతుంది. వేలాడే స్థితిలో బిగిస్తే, బండి కిందికి దిగేసరికి అది మెలిపడి స్ప్రింగులా బాడీని పైకి తోస్తూనే ఉంటుంది. ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు కాస్త వదులుగా పడితే బండి పక్కకు వాలుతుంది కూడా.

పొద్దున్నే కమాన్ ఆయన షాపుకెళ్లి సర్వీసు గుంత మీదికి బండి ఎక్కించాను. చక్రాలు నేల మీదే, బరువంతా వాటి మీదే. ట్యాంకులో సగం పెట్రోలు, డ్రైవింగ్ సీట్లో నా బరువుకు సరిపడా ఆయన కొడుకు. గుంతలోకి దిగి కుడివైపు వెనక షాకిల్ నట్టు తిప్పాను. కదల్లేదు. పైపు తొడిగి లాగితే రబ్బరు కిర్రుమంది, టప్‌మని ఒక్క శబ్దం, నా తలపైనే బాడీ దిగింది. అబ్బోడు పైనుంచి "అన్నా, పడిపోయిందా?" అని అరిచాడు. అన్నీ వదులు చేసి, బండిని కాస్త ముందుకూ వెనక్కూ ఊపి, అదే బరువు మీద మళ్లీ బిగించాం. టేపు పెడితే రెండు వైపులా తేడా పావు అంగుళం కూడా లేదు. కూలి ఎంతన్నా అంటే టీ తాగిపొమ్మన్నాడు.

ఆర్భాటం ఉన్న చోటికి పోయి మాటలు పడే బదులు, లారీల వాళ్ల దగ్గరికి పోండి. బరువు మోసే బండ్ల సంగతి వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు.

ఎత్తు మారాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి, లేదంటే ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. మిషన్ లిస్టులో పద్మిని లేదని అలైన్‌మెంట్ వాళ్లు తిప్పి పంపుతారు. టో, క్యాంబర్ (చక్రాలు ఎటు తిరిగి, ఎంత వాలి ఉండాలనే) కొలతలు మాన్యువల్‌లోంచి రాసుకుని వెళ్లండి, మిషన్‌లో చేతితో ఎక్కించుకుంటారు.

ఇంకోటి. ఆ గ్యారేజీ వాళ్లు వెనక బంప్ రబ్బర్లు చెప్పకుండానే పీకేశారు. అవి లేకుండా దించిన బండి గుంతలో పడితే ఇనుముకు ఇనుమే కొట్టుకుంటుంది. చెన్నై పుదుపేటలో కొత్తవి కొని, ఎత్తు కాస్త తగ్గించి బిగించుకున్నాను. పాతవి ఇవ్వమని ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎత్తడం లేదు.