ఇప్పుడు ఒక్క దిండు చాలు

నాకు ఆయాసం, అదే ఆస్తమా, ఆరో క్లాసు నుంచే ఉంది. మాది కడప, మృగశిర కార్తెకి నాన్న హైదరాబాద్ తీసుకెళ్లి మూడేళ్లు వరసగా చేప మందు మింగించారు. పెళ్లయి బెంగళూరు వచ్చాక మాత్రం బాగా ముదిరింది. ఇక్కడి చలి, దుమ్ము, పైగా ఖాళీ సైట్ల నిండా వయ్యారిభామ, మా ఎదురు సైట్లో అది తెల్లగా పూసిందంటే ఆ రాత్రంతా నాకు పిల్లికూతలే. ఇన్‌హేలర్ పెద్ద డోసు, రోజూ మాంటెలుకాస్ట్ అనే ఆస్తమా మాత్ర, ఏడాదికి నాలుగైదుసార్లు స్టెరాయిడ్ మాత్రలు, వాటితో మొహం ఉబ్బిపోయి షుగర్ కూడా బోర్డర్‌కి వచ్చింది. మూడు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని.

అప్పుడు మా పల్మనాలజిస్ట్ మేడమ్ బ్రాంకియల్ థర్మోప్లాస్టీ గురించి చెప్పారు. ముందైతే నాతో ఇన్‌హేలర్ పీల్పించి చూశారు, మందు సరిగ్గా లోపలికి పోతోందా లేదా అని, అది తేలాకే ఈ మాట ఎత్తారు. ఊపిరి గొట్టాల చుట్టూ కండ మందంగా పెరిగిపోయి బిగుసుకుంటోందమ్మా, దాన్ని వేడితో పలచన చేస్తాం అన్నారు. బ్రాంకోస్కోప్, అంటే ఊపిరి గొట్టాల్లోకి దించే కెమెరా గొట్టం, దాన్లోంచి సన్న తీగ పంపితే దాని కొస చిన్న బుట్టలా విచ్చుకుని గొట్టం గోడకి ఆనుతుంది, 65 డిగ్రీల వేడి, ఒక్కోచోట 10 సెకన్లు. అమెరికాలో 2010లో పర్మిషన్ వచ్చిందంట. 18 ఏళ్లు నిండాలి, పేస్‌మేకర్ ఉంటే చెయ్యరు. మొత్తం మూడుసార్లు, మధ్యలో కనీసం మూడు వారాలు గ్యాప్. మొదట కుడి కింది భాగం, తర్వాత ఎడమ కింది భాగం, ఆఖర్న పైవి రెండూ.

మొదటిసారి అయ్యాక వారం రోజులు నరకం. ఆయాసం ఎక్కువవుతుందని మేడమ్ ముందే చెప్పారు గానీ ఇంతలా ఉంటుందనుకోలేదు, మూడోరోజు రాత్రి పీక్ ఫ్లో మీటర్లో, అదే ఊదితే ఊపిరి జోరు చూపించే గొట్టంలో, ముల్లు 150 దాటలేదు, మళ్లీ అడ్మిట్ అయ్యి నెబ్యులైజర్, స్టెరాయిడ్, అన్నీ. అమ్మ ఫోన్లో ఏడుస్తా "ఏందిమ్మా ఇది, దుడ్లు పోసి రోగం కొనుక్కుంటివే" అనింది. మావారు ఒక్కటే అన్నారు, నీకొద్దంటే ఇంతటితో ఆపేద్దాం అని. నాకూ ఆపేయాలనే ఉండింది, కానీ మూడు దిండ్ల మీద ఇంకెన్నేళ్లు కూర్చోవాలి? రెండోసారి అంత కష్టం కాలేదు, మూడోసారికి దగ్గు తప్ప ఏం లేదు. మీలో ఎవరైనా చేయించుకుంటే మొదటి వారం ఇంట్లో ఒక మనిషి తోడుండేలా చూసుకోండి, దయచేసి ఒంటరిగా ఉండొద్దు.

జబ్బు పోలేదు. ఇన్‌హేలర్ రోజూ రెండు పూటలా పీలుస్తున్నా, మానొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. కానీ ముల్లు ఇప్పుడు 320 దగ్గర నిలబడుతోంది, ఏడాదిలో స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారే వాడా. మూడోది అయిన రెండు నెలలకి ఒకరోజు అర్ధరాత్రి మావారు గబుక్కున లేచి లైటేసి నా మీదకి వంగి చూస్తున్నారు, ఏమైందండీ అంటే, పిల్లికూతలు వినపడకపోయేసరికి భయమేసింది అన్నారు.