నాన్న ఇష్టంగా తినే సలాడ్ ఎలా కుదిరిందంటే

కార్తీకమాసం అయిపోగానే నాన్న గుంటూరు నుంచి విజయవాడ పటమటలో మా ఇంటికి వచ్చారు, ఓ నెల ఉంటా అన్నారు. వచ్చిన రెండో రోజుకే అర్థమైంది ఆయనకి మోషన్ ఫ్రీగా అవ్వట్లేదని. ఆయన నోరు తెరిచి చెప్పరు కదా, పొద్దున్నే రెండుసార్లు వేడినీళ్ళు తాగి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే నేనే అడిగా. ఆరు నెలల నుంచి ఇంతేనమ్మా అన్నారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పరీక్షలన్నీ చేసి కంగారేం లేదు, ముందు పీచు పెంచండి, నీళ్ళు పెంచండి, మందు సంగతి తర్వాత చూద్దాం అన్నారు.

ఇంటికొచ్చాక ఆయన తిండి గమనించా. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు ఆవకాయ, రాత్రి పెరుగన్నంలోకి గోంగూర పచ్చడి, కూర అంటే కంచం అంచున ఓ చెంచాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు అని ఉంది, నేను వంటింటి కాటా మీద తూచి చూస్తే నాన్న రోజంతా తినేది రెండూ కలిపి 100 గ్రాములు కూడా రాలేదు. నాకు చాలా బాధేసింది, అమ్మ ఉన్నప్పుడు రోజూ ఏదో ఒక ఆకుకూర వండేది.

సరే, రోజూ మధ్యాహ్నం అన్నానికి ముందు ఓ కప్పు పళ్ళు, ఆకులు కలిపి సలాడ్ పెడదాం అనుకున్నా. పటమట రైతుబజార్‌కి వెళ్ళి తోటకూర, పుదీనా, కొత్తిమీర, జామకాయలు, బొప్పాయి తెచ్చా. ఉండవల్లి, పెనుమాక వైపు నుంచి వచ్చే ఆకుకూర పొద్దున్నే వెళ్తే భలే లేతగా ఉంటుంది. లెట్యూస్ కొనలేదు, మనకి తెలిసిన ఆకులు ఇన్ని ఉండగా దాని అవసరం నాకు కనపడలేదు.

కానీ నాన్న ఒప్పుకోలేదు. "పచ్చివా? వద్దమ్మాయ్, ఆ కట్టలు ఏ కాలవ నీళ్ళలో ముంచి తెస్తారో నీకు తెలుసా" అన్నారు. ఆలోచిస్తే ఆయన అన్నది నిజమే. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆకుకూర పచ్చిగా తినకపోవడం వెనక ఉన్న జాగ్రత్త అదే. వండితే క్రిములు చస్తాయి, పచ్చిగా తింటే మనం ఎంత బాగా కడిగామన్నదే మిగిలింది, కడుపు బాగుపడాలని తినే తిండి వల్లే కడుపు పాడైతే ఎలా.

అందుకని ఆకుల్ని రెండు రకాలుగా చేసా. తోటకూర, పాలకూర లాంటివి మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి వెంటనే చల్లనీళ్ళలో వేసి పిండేస్తా. రంగు పోదు, పచ్చి వాసన పోతుంది, వాటిల్లో ఉండే ఆక్సలేట్లు, అంటే కొందరికి కిడ్నీలో రాళ్ళు కట్టడానికి కారణమయ్యే పదార్థాలు కూడా కొంత ఆ నీళ్ళలోకి దిగిపోతాయి, ఆ నీళ్ళు పారబోసేయాలి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు అయితే పాలకూర, తోటకూర రోజూ తినేముందు డాక్టర్ని అడగండి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్ళు కూడా ఆకుకూర ఉన్నట్టుండి పెంచకూడదు, అందులో ఉండే విటమిన్ కె ఆ మందు పని తగ్గిస్తుంది కాబట్టి.

పుదీనా, కొత్తిమీర మాత్రం పచ్చివే. వేళ్ళు కోసేసి, ఆకులు విడదీసి, పెద్ద బేసిన్ నిండా నీళ్ళలో వేసి బాగా కదిపి, ఆకుల్నే చేత్తో పైకి తియ్యాలి, గిన్నె వంపితే అడుగున దిగిన ఇసకంతా మళ్ళీ ఆకు మీదకే వస్తుంది. అలా మూడుసార్లు, అడుగున ఇసక కనపడకుండా పోయేదాకా. తర్వాత కుళాయి ధార కింద ఒకసారి, ఆపైన పొడి గుడ్డ మీద ఆరబెట్టడం. తరిగాక కడగొద్దు, ముందే కడగాలి. ఉప్పునీళ్ళలో వేస్తే పురుగులు తేలతాయి గానీ క్రిములన్నీ పోతాయనుకోకండి. గర్భిణులకి, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి అయితే నేను అన్ని ఆకులూ ఉడికించే పెడతా.

ఇంక పళ్ళు. జామకాయ తొక్కతోనే ముక్కలు చేసా, పీచు బాగా ఉండే పండు అది, నాన్నవి కట్టుడు పళ్ళు కాబట్టి మధ్యలో గింజలు తీసేసా. జామలో విటమిన్ సి నారింజలో కంటే చాలా ఎక్కువ, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టడానికి అది సాయం చేస్తుంది, అందుకే ఈ రెండూ ఒకే గిన్నెలో ఉండటం నాకు నచ్చింది. ఓ కప్పు బొప్పాయి, సగం కీరా, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగపప్పు. దానిమ్మ నా గిన్నెలోనే వేసుకున్నా.

పైన పోసేది పెరుగు. నాలుగు చెంచాల కమ్మటి పెరుగులో సగం నిమ్మకాయ, వేయించిన జీలకర్ర పొడి, ఉప్పు, మిరియాల పొడి. గుంటూరు మనిషికి కారం తగలకపోతే ముద్ద దిగదు, మిరియాలు కాస్త గట్టిగానే వేసా. పెరుగుని వేడి చెయ్యకూడదు, అందులో ఉన్న మంచి బాక్టీరియా వేడికి చచ్చిపోతాయి, అందుకే ఉడికించిన తోటకూర పూర్తిగా చల్లారాకే కలుపుతా.

ఇక్కడే ఒక తప్పు చేసా. మొదటిరోజు బొప్పాయి కాస్త దోరగా ఉంది, అన్నీ కలిపి ఫ్రిజ్‌లో పెట్టి రెండు గంటల తర్వాత తీస్తే పెరుగంతా చేదు. పెరుగు పాడైందేమో అనుకుని అదే పెరుగు విడిగా రుచి చూస్తే బానే ఉంది. బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, దోరకాయలో ఇంకా ఎక్కువ, అది పాల ప్రోటీన్‌ని విరగ్గొడుతుంది, ఆ ముక్కలే చేదు. ఉడికించని అనాసపండు వేసినా ఇంతే. కాబట్టి బాగా పండిన బొప్పాయి తీసుకుని, పెరుగు విడిగా ఉంచి, తినే నిమిషంలోనే పోసుకోవాలి. ముందే కలిపి పెట్టాలంటే పెరుగు మానేసి నిమ్మరసం, ఉప్పు, జీలకర్రతో సరిపెట్టుకోండి, అది కూడా బానే ఉంటుంది.

ఇంకొకటి, మొదటివారం అరకప్పే పెట్టా. అలవాటు లేని కడుపుకి ఒక్కసారే పీచు ఎక్కువైతే గ్యాస్ పట్టి ఉబ్బరం వస్తుంది, అప్పుడు ఇది నాకు పడదు అని మనిషి మానేస్తాడు. రెండోవారం ముప్పావు కప్పు, తర్వాత కప్పు. పచ్చి ఉల్లిపాయ వెయ్యలేదు, అది కూడా గ్యాసే. నీళ్ళు మాత్రం వెంటపడి తాగించా, నీళ్ళు లేకుండా పీచు పెంచితే ఇంకా బిగుసుకుపోతుంది. రెండోవారం చివర్లో ఓ పొద్దున వరండాలో తిరగడం మానేసి పేపర్ చదువుకుంటూ కూర్చున్నారు, నేనూ ఏం అడగలేదు.

మొన్న ఆదివారం గుంటూరు వెళ్ళిపోయారు. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇక్కడ బొప్పాయి బాలేదు, జామకాయ ఒక్కటే వేసా, పుదీనా మూడుసార్లు కడిగా, పెరుగు చివర్లోనే పోసుకున్నా" అన్నారు.