క్రాఫ్ట్ పీరియడ్ ఊళ్ళోకి వెళ్ళిన ఏడాది

మన బడి పాత విద్యార్థుల సావనీర్‌కి ఏదైనా రాయండి అని గ్రూపులో మెసేజ్ పెట్టగానే మనవాళ్ళు సగంమంది హెడ్మాస్టర్ గారి బెత్తం గురించి, మిగతా సగం గేటు దగ్గర రేగుపళ్ళ అవ్వ గురించి రాస్తారని నాకు తెలుసు, అందుకే నేను వేరేది పట్టుకున్నా. తొమ్మిదిలో మనల్ని పనుల్లోకి పంపారు, గుర్తుందా?

టైంటేబుల్లో ఎస్.యు.పి.డబ్ల్యు. (సోషల్లీ యూజ్‌ఫుల్ ప్రొడక్టివ్ వర్క్, అంటే సమాజానికి పనికొచ్చే చేతిపని) అని ఒకటి ఉండేది కదా, అదే మన క్రాఫ్ట్ పీరియడ్. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చెప్పాక వచ్చిందట అది. అంతకుముందు కొఠారీ కమిషన్ (1964-66) పని అనుభవం కావాలంది, ఇంకా వెనక్కెళ్తే 1937లో వార్ధాలో గాంధీగారు చదువంతా చేతిపని చుట్టూనే సాగాలన్నారు. ఇదంతా ఈమధ్య చదివిందే లెండి. అప్పుడు మనకి తెలిసిందల్లా ఆ పీరియడ్లో సుద్దముక్కలు పోయడం, అట్టలు అతికించడం, పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు వచ్చి ఆ పీరియడ్ కాస్తా లాగేసుకోవడం.

మన క్రాఫ్ట్ మాస్టారికి ఏం తోచిందో గానీ ఆ ఏడాది సంక్రాంతి సెలవులు అయిపోగానే అందర్నీ గ్రూపులు చేసి కొందర్ని రైసు మిల్లుకి, కొందర్ని పోస్టాఫీసుకి, మమ్మల్నేమో గాంధీబొమ్మ సెంటర్లో ప్రెస్సుకి పంపేశారు. మాఘమాసం ముహూర్తాలు, ప్రెస్సు నిండా శుభలేఖల ఆర్డర్లే.

మాకిచ్చిన పని డిస్ట్రిబ్యూషన్. అచ్చయిపోయిన ఫారం, అంటే పేజీకి పేర్చి బిగించిన అక్షరాల చట్రం, విప్పి సీసం అక్షరాల్ని మళ్ళీ ఎక్కడివక్కడ గళ్ళల్లో వేసెయ్యాలి. ఇంగ్లీషుకైతే గళ్ళు తక్కువే, తెలుగుకి గుణింతాలూ వత్తులూ అన్నీ వేరేవేరే కాబట్టి అక్షరాలు పేర్చే కంపోజిటర్ గారి చుట్టూ ఎటుచూసినా గళ్ళే, పైగా అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. ఒక్క ‘ప’ వెళ్ళి ‘ష’ గడిలో పడిందనుకోండి, రేపు ఎవరింటి శుభలేఖలోనో పద్మ కాస్తా షద్మ అయిపోద్ది. అంచేత ఆయన ఎదురుగా కూచుని ఒక్కో అక్షరం వెలుతురుకి పెట్టి చూసి మరీ వేసేవాళ్ళం. చేతులు కడుక్కోకుండా మంచినీళ్ళ గ్లాసు ముట్టుకుంటే సీసం కడుపులోకి పోతుందిరా అని అరిచేవారు. కాలితో తొక్కి అచ్చేసే ట్రెడిల్ మిషన్ దగ్గరికి మాత్రం అస్సలు రానిచ్చేవారు కాదు, ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు, బైండింగ్ చేసే ఆయనకి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.

తర్వాత ప్రూఫు కూడా మాచేత చదివించారు. బళ్ళో డిక్టేషన్లో తప్పు రాస్తే మన మార్కు పోద్ది, అంతే. ఇక్కడ తప్పు వదిలేస్తే కట్టలు కట్టలు కార్డులు పారెయ్యాలి, ఆ డబ్బు ఓనర్ గారిది, మాట పడేది కంపోజిటర్ గారు. నేను అంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని తెలుగు చదవడం అదే మొదలు.

పోస్టాఫీసు గ్రూపుని ఉత్తరాలు ముట్టుకోనివ్వలేదు, రూలు ఒప్పుకోదుగా. బయట అరుగు మీద బల్ల వేసి, రాయడం రానివాళ్ళకి మనియార్డరు ఫారాలు నింపమన్నారు. ఫారం అడుగున కబురు రాయడానికి కాస్త జాగా ఉండేది. హాస్టల్లో ఉన్న కొడుక్కి డబ్బు పంపేవాళ్ళు చెప్పేది పేజీడు, జాగా చూస్తే రెండు లైన్లు. ఏది ఉంచాలి ఏది తీసెయ్యాలి అని వాళ్ళనే అడిగి రాసేవారట. మన తెలుగు వాచకంలో సంక్షిప్తీకరణ పాఠం ఇంత బాగా ఎవరికీ ఎక్కి ఉండదు.

అన్నీ ఇలాగే జరిగాయని కాదు. ఊళ్ళో ఒక పెద్దాఫీసు ఉండేది, పేరెందుకు లెండి, అక్కడికెళ్ళినవాళ్ళని బెంచీ మీద కూచోబెట్టి ఫైళ్ళు చూపించి టీ బజ్జీ పెట్టి పంపించారు. వాళ్ళకి ఈరోజుకీ బజ్జీ తప్ప ఇంకేం గుర్తులేదు. ఇంకో పక్క మిల్లుకెళ్ళినవాడి నాన్న బడికొచ్చి, నేను మూటలు మోసి చదివిస్తుంటే మళ్ళీ నా కొడుకుని మిల్లుకే పంపుతారా అని గొడవపెట్టుకున్నాడు. ఆయన కోపం తప్పనను. మాస్టారు వాదించకుండా వాణ్ణి మూటల దగ్గర కాకుండా తూకం పుస్తకం రాసే గుమాస్తా గారి పక్కన కూచోబెట్టించారు.

ఇప్పుడిదంతా ఎందుకంటే, 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పిల్లలు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. 2024లో గైడ్‌లైన్స్ కూడా వచ్చాయి. మన మీటింగులో దీనికి బస్సు మాట్లాడి హైదరాబాద్‌లో ఐటీ కంపెనీ చూపిద్దాం అన్నారు. నేను ఇన్నేళ్ళూ సాఫ్ట్‌వేర్‌లోనే చేశా కాబట్టి చెప్తున్నా, పిల్లలకి అక్కడ కనపడేది ఏసీ, కాఫీ మిషన్, గ్రూప్ ఫోటో. చెయ్యడానికి పనేం ఉండదు.

దానికి బదులు బ్యాంకులో పే-ఇన్ స్లిప్పులు నింపమనండి, మీసేవలో పెద్దవాళ్ళకి అప్లికేషన్లు చదివి చెప్పమనండి, ఫ్లెక్సీ షాపులో ప్రూఫు చూడమనండి (మనూరి ఫ్లెక్సీల మీద తెలుగు చూశారుగా, చేతినిండా పని). ఊళ్ళో షాపులున్నవాళ్ళు తలా ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తీసుకుంటే చాలు, మిషన్ల దగ్గరికి రానివ్వకుండా, పొద్దున పూట మాత్రమే. బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ షాపు అబ్బాయితో నేను మాట్లాడా, సరే అన్నాడు. బ్యాంకు మేనేజర్ గారితో ఎవరు మాట్లాడతారో గ్రూపులో చెప్పండి.