ఐబీఎస్ ఉబ్బరం, ఓ డైట్ చీటీ, రెండు గడ్డలు

నాకు ఐబీఎస్, అంటే పరీక్షల్లో ఏమీ కనబడకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో వేధించే పేగు సమస్య, అని తేలడం పెద్ద కష్టం కాలేదు. రక్తపరీక్ష, థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష, పేగులో వాపుందేమో చెప్పే మలంలోని కాల్‌ప్రొటెక్టిన్, అన్నీ మామూలే. మలంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా, విరేచనాలు నిద్రలోంచి లేపుతున్నా, 50 దాటాక కొత్తగా మొదలైనా ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి పోండి.

తంటా అంతా తిండి దగ్గరే. తిరుపతిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నా చేతిలో పెట్టిన డైట్ చీటీ చూడండి: పొద్దున గ్లాసు పాలు, మొలకెత్తిన పెసలు, మధ్యలో యాపిల్, రాత్రికి పుల్కాలు. షుగరు వాళ్ళకు కొట్టించిందని చూడగానే తెలుస్తుంది. పాలల్లో లాక్టోజ్, యాపిల్‌లో ఫ్రక్టోజ్, సార్బిటాల్, గోధుమలో ఫ్రక్టాన్లు, పెసల్లో గాలాక్టాన్లు. చిన్నపేగులో సరిగా అరగని వీటినే ఫాడ్‌మ్యాప్ అంటారు. కొన్ని పేగులోకి నీళ్ళు లాగుతాయి, మిగిలినదాన్ని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఐబీఎస్ పేగు ఆ సాగుడుకే విలవిల్లాడుతుంది. ఉబ్బరం తగ్గించమని పోతే ఉబ్బరానికి మేత రాసిచ్చారన్నమాట. అడిగితే "పీచు తినాలి కదా సార్" అని నవ్వు.

పీచు కావాలంటే తవుడు, మొలకలు కాదు, ఇసబ్‌గోల్. అర టీస్పూనుతో మొదలుపెట్టి, నిండు గ్లాసు నీళ్ళలో కలిపి, జిగురు కట్టకముందే తాగాలి. వారానికి కొంచెం చొప్పున పెంచండి. ఒక్కసారిగా ఎక్కువ వేసుకుంటే ఉబ్బరం రెట్టింపు.

"కారం మానేయ్" అనేది ఇంకో సలహా. ఎర్రకారం దోశ తిని బాధపడితే అందరూ మిరపకాయనే తిడతారు. అందులో నూరిన ఎర్రగడ్డ (ఉల్లిపాయ), తెల్లగడ్డ (వెల్లుల్లి) సంగతి ఎవరూ ఎత్తరు. కారం కొందరికి నొప్పి పెంచే మాట నిజమే, కానీ ఉబ్బరానికి అసలు దొంగలు ఆ రెండు గడ్డలే. వాటిలోని ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే తెల్లగడ్డ పాయలు తిరగమోత నూనెలో వేయించి, చారు పోయకముందే తీసేయాలి. వాసన నూనెలో ఉండిపోతుంది. చారులో మరిగాక ఏరి పారేసి లాభం లేదు, దిగాల్సింది దిగిపోయుంటుంది. ఎర్రగడ్డ బదులు ఉల్లికాడల పచ్చభాగం వేసుకోవచ్చు. కొండమీది ప్రసాదాల్లో ఈ రెండూ పడవు, పులిహోర నన్నెప్పుడూ ఏడిపించలేదు.

ఫాడ్‌మ్యాప్ తిండి తగ్గించి చూసే ఈ పద్ధతి ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ళది. 2 నుంచి 6 వారాలే కట్టడి, జన్మంతా కాదు. అన్నం, రాగిసంగటి, గుడ్డు, తెల్లగడ్డ లేని చెనక్కాయల ఊరిబిండితో హాయిగా గడిచిపోతుంది. ఆ తర్వాత ఒక్కో వస్తువే మూడు రోజులు పెంచుకుంటూ తిని చూడాలి, మధ్యలో రెండు మూడు రోజులు ఖాళీ వదలాలి. రెండు కలిపి పరీక్షిస్తే ఏది పడలేదో తేలదు.

సంక్రాంతి రోజుల్లో అనపగింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పితికితే నాకు గరిటెడు పితికిపప్పు పడుతుంది. రెండో గరిటెకు పంచె వదులు చేసుకోవాల్సిందే.