బాగుందంటే కుదరదట

"బాగుంది, అన్నీ పనిచేస్తున్నాయి అని రాశావు. దీన్ని పెట్టుకుని నేనేం చేయాలి?" అని మా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్, టీమ్ అందరి ముందూ అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. ఆయన గొంతు పెంచలేదు. స్క్రీన్ మీద నా నోట్ పెట్టి, కాఫీ తాగుతూ, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు. గట్టిగా కసిరినా అంత బాధపడేదాన్ని కాదేమో.

మేముండేది జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర, ఆఫీసులో ప్రోగ్రాములు రాయడానికి వాడే భాష జావా. అప్పటికి జావా 21 వచ్చి కొన్ని నెలలు అయింది. 2023 సెప్టెంబర్‌లో వచ్చింది కదా. దాన్ని ప్రొడక్షన్‌కి, అంటే కస్టమర్లు నిజంగా వాడే సిస్టమ్‌కి, ఎక్కించే ముందు అందులోని ప్రివ్యూ ఫీచర్లను, అంటే ఇంకా ఖాయం కాకుండా వాడి చూడమని ఇచ్చే కొత్తవాటిని, ఎవరో ఒకరు అసలు కోడ్‌కి తగలకుండా విడిగా ఒక బ్రాంచ్‌లో వాడి చూసి, నోట్ రాయాలన్నారు. ఆ పని నాకొచ్చింది. నేను రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కోడ్ కంపైల్ అయింది, అంటే కంప్యూటర్ నడిపే రూపంలోకి మారింది, టెస్టులు పాసయ్యాయి, ప్రోగ్రాం తను చేసింది రాసుకునే లాగ్‌లో రావాల్సిన లైన్లు వచ్చాయి. కొత్తది ఏదైనా చేతికిచ్చి చూడమంటే మన దగ్గర చెప్పేది అదే, నడుస్తోందా లేదా అని. పెళ్లికి పిలిచి భోజనం పెట్టినవాళ్లతో పప్పులో ఉప్పు తగ్గిందని విస్తరి ముందు కూర్చుని అంటామా?

ఆయన అన్నది ఇంకో మాట కూడా ఉంది. "పనిచేస్తుందని దాన్ని తయారుచేసినవాళ్లకు తెలుసు. నువ్వు ఎక్కడ ఆగిపోయావో, ఎక్కడ విసుగొచ్చిందో వాళ్లకు తెలీదు. అది రాయి."

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ప్రివ్యూ అంటే బీటా అనుకుంటారు చాలామంది, జావాలో అలా కాదు. ఫీచర్ పూర్తిగా రాసేసి ఉంటుంది, స్పెసిఫికేషన్ కూడా ఉంటుంది, కానీ అదే ఖాయం అని మాట ఇవ్వరు. కంపైల్ చేసేటప్పుడు ఒకసారి, నడిపేటప్పుడు ఒకసారి ఎనేబుల్-ప్రివ్యూ అని మనమే ఒప్పుకుని ఆన్ చేయాలి. పైగా 21లో అలా కంపైల్ చేస్తే వచ్చే ఫైల్‌ని, క్లాస్ ఫైల్ అంటారు, 22 నడపదు. వెర్షన్ నంబర్ వెనకాల 65535 అని ముద్ర వేస్తారు, అది చూడగానే జావా ప్రోగ్రాముల్ని నడిపే జేవీఎం, కొత్తదైతే, వద్దంటుంది. దీన్ని నమ్ముకుని ఎవరూ ప్రొడక్షన్‌కి వెళ్లకూడదని కావాలని పెట్టిన అడ్డు అది. 2018 నుంచి ఆరు నెలలకో రిలీజ్ వస్తోంది కాబట్టి, ఈ రిలీజ్‌లో చూపించి, వాడినవాళ్ల మాట విని, తర్వాతి దాంట్లో మార్చడానికి వీలుంటుంది. ఈ పద్ధతిలో మొదట వచ్చింది 2019లో జావా 12లోని కొత్త స్విచ్, అంటే ఒక విలువను బట్టి ఏం చేయాలో ఎంచుకునే పద్ధతి. అందులో విలువ బయటికి పంపడానికి బ్రేక్ అని రాయాల్సి వచ్చేది. జనం గొడవ చేశారు, 13లో దాన్ని యీల్డ్ అని మార్చారు, 14లో ఖాయం చేశారు. ఇదంతా నాకు ముందే తెలుసు. ఆ గొడవ చేసే జనంలో నేనూ ఉండొచ్చని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఎందుకు అనుకోలేదో చెప్పాలి, ఎందుకంటే ఇక్కడివాళ్లు దాన్ని వేరేలా అర్థం చేసుకుంటారు. ఇండియావాళ్లు మర్యాదకి అన్నిటికీ తల ఊపుతారు అని కాంటీన్‌లో ఒకడు నాతోనే అన్నాడు. హైదరాబాద్‌లో, గచ్చిబౌలిలో నేను పనిచేసిన ప్రాజెక్టులో టెస్టింగ్ టీమ్‌లో ఒకమ్మాయి ఉండేది. అర్ధరాత్రి దాటాక కూడా స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీత గీసి మరీ పంపేది, ఈ బటన్ రెండు పిక్సెళ్లు పక్కకి జరిగిందని. ఆ అమ్మాయి కంట్లో పడకుండా ఏదీ దాటేది కాదు. తప్పులు పట్టడం మనవాళ్లకు ఒకరు నేర్పాలా? కానీ ఆ బటన్ అసలు అక్కడ ఉండాలా అని ఆమెను ఎవరూ అడగలేదు. మేం చాలా ఏళ్లు జావా 8 మీదే ఉన్నాం, 11 వచ్చింది, 17 వచ్చింది, ఏది వాడాలో నిర్ణయించేది సముద్రం అవతల క్లయింట్. మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే, ఎప్పటికి అవుతుంది అని. పదేళ్లు అదే ప్రశ్న వింటే మనిషి అదే ప్రశ్నకి జవాబు చెప్పడం అలవాటు చేసుకుంటాడు. దాన్ని మర్యాద అనీ, భయం అనీ పేరు పెట్టేవాళ్లు ఆ షిఫ్టులో ఒక్క నెల కూర్చుని చూడాలి.

మా ఆర్కిటెక్ట్ మంచివాడే. పిల్లల్ని తీసుకురావడానికి సాయంత్రం ఠంచనుగా లేచి వెళ్లిపోతాడు, ఆ తర్వాత ఆయనకి ఎవరూ ఫోన్ చేయరు. అంత తీరిక ఉన్నవాడు ఎక్కడ విసుగొచ్చిందో కూర్చుని గమనించుకోగలడు. నాకు ఇక్కడికొచ్చాకే ఆ తీరిక దొరికింది, నిజం. ఒకటి మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. ఈ ష్వాబియా ప్రాంతంలో తిట్టలేదంటే అదే పొగడ్త అని ఒక సామెత ఉంది, ఇక్కడివాళ్లే గర్వంగా చెబుతారు. చేసిన పనికి ముందు ఒక మంచి మాట అని, తర్వాత లోపం చెబితే వాళ్ల సొమ్మేం పోతుంది? మన దగ్గర మేనేజర్ ఎంత కసురుకున్నా, తర్వాత టీ దగ్గర "తిన్నావా అన్నా" అని ఒక మాట ఉంటుంది. ఇక్కడ మీటింగ్ అయిపోతే అయిపోయినట్టే, ఎవరి లాప్‌టాప్ వాళ్లు మూసుకుని వెళ్లిపోతారు.

సరే, మళ్లీ కూర్చున్నాను. ఈసారి పక్కన కాగితం పెట్టుకుని, చెయ్యి ఆగిన చోటల్లా రాశాను. స్ట్రింగ్ టెంప్లేట్లతో, అంటే వాక్యం మధ్యలో విలువల్ని ఇమిడ్చే కొత్త పద్ధతితో, మొదలుపెట్టాను. ఇదివరకు లాగ్ లైన్‌లో కస్టమర్ నంబరు, ఆర్డర్ నంబరు పెట్టాలంటే ప్లస్ గుర్తులతో అతికించుకునేవాళ్లం. ఇప్పుడు ఎస్‌టీఆర్ అని రాసి, చుక్క పెట్టి, కోట్స్ తెరిచి, లోపల బ్యాక్‌స్లాష్ కొట్టి ఫ్లవర్ బ్రాకెట్లలో వేరియబుల్ పేరు రాస్తే చాలు. చదవడానికి హాయిగానే ఉంది. కానీ ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్‌ది జర్మన్ కీబోర్డు. బ్యాక్‌స్లాష్‌కి ఆల్ట్-జీఆర్, తెరిచే బ్రాకెట్‌కి ఆల్ట్-జీఆర్, మూసే బ్రాకెట్‌కి మళ్లీ ఆల్ట్-జీఆర్. ఒక్క లైన్లో నాలుగు వేరియబుల్స్ పెట్టేసరికి కుడి బొటనవేలు పట్టేసింది. అదీ రాశాను. చుక్క తర్వాత మెథడ్ పేరు లేకుండా నేరుగా కోట్స్ రావడం జావాలో ఎక్కడా చూడలేదు, కొత్తగా చేరిన కుర్రాడికి చూపిస్తే ఈ ఎస్‌టీఆర్ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇంపోర్ట్ ఏదీ అని వెతికాడు. అదీ రాశాను. అన్నిటికంటే ఇబ్బంది, ఒక టెంప్లేట్‌ని ముందే స్ట్రింగ్‌గా మార్చకుండా ఇంకో దాంట్లో ఇమడ్చాలంటే తిప్పలు పడాల్సి వచ్చింది. దానికి ఒక పేజీ పట్టింది.

2024 మార్చిలో జావా 22లోనూ ఆ టెంప్లేట్ల ఫీచర్ మళ్లీ ప్రివ్యూగానే వచ్చింది. సెప్టెంబర్‌లో 23 వచ్చేసరికి అసలు లేదు, ఎనేబుల్-ప్రివ్యూ అని పెట్టినా లేదు. ఎస్‌టీఆర్ లాంటి టెంప్లేట్ ప్రాసెసర్ల చుట్టూ అల్లిన ఆ డిజైన్ వాడేవాళ్లను తికమక పెడుతోందనీ, ముక్కల్ని కలుపుకోవడానికి కావాల్సినట్టు లేదనీ తయారుచేసినవాళ్లే తీసేశారు. దానికీ నా నోట్‌కీ సంబంధం లేదు, నా నోట్ మా టీమ్ పేజీ దాటి వెళ్లలేదు. అయినా ఆ వార్త చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు. రెండు రిలీజుల్లో చూపించినదాన్ని వెనక్కి తీసుకున్నారు, ఎవరి పరువూ పోలేదు, ఎవరినీ నిలదీయలేదు. మన ప్రాజెక్టుల్లో అలా చేస్తే రూట్ కాజ్, అసలు కారణం అంటూ ఎవరి మెడకి చుట్టాలా అని కాల్స్ మీద కాల్స్ నడిచేవి.

ఆ నోట్‌లో నేను మనసు పెట్టి రాసిన భాగం వేరే ఉంది. అమీర్‌పేటలో జావా నేర్చుకున్న ఎవరికైనా మొదటి రోజు గుర్తుండే ఉంటుంది. నిలబడటానికి చోటు లేని హాలు, జిరాక్స్ షాపులో కొన్న నోట్స్, బోర్డు మీద, ప్రోగ్రాం మొదలవ్వాలంటే రాయాల్సిన లైన్, పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్. "ఇప్పుడు అర్థం కాకపోయినా పర్లేదు, రాసుకోండి, తర్వాత మీకే తెలుస్తుంది" అని సార్ అనేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నా పక్కనమ్మాయి ఆ లైన్‌ని పద్యంలా బట్టీ పట్టింది. జావా 21 ప్రివ్యూలో క్లాస్ రాయక్కర్లేదు, పబ్లిక్, స్టాటిక్ అక్కర్లేదు, వాయిడ్ మెయిన్ అని రాసి పని మొదలుపెట్టొచ్చు. అది కొట్టి రన్ చేసి, చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. మా టీమ్‌కి దీంతో పనే లేదు. అయినా నేను రాశాను: మెయిన్ తేలికైంది, కానీ ఒక్క మాట ప్రింట్ చేయాలంటే సిస్టమ్ డాట్ అవుట్ డాట్ ప్రింట్‌ఎల్ఎన్ అని బట్టీ పట్టడం అలాగే ఉంది, నేర్చుకునేవాళ్లకి బరువు సగమే తగ్గింది.

మా ఆర్కిటెక్ట్ అది చదివి, "ఇది నాకు ఎప్పటికీ తట్టేది కాదు, నేను సీ లాంగ్వేజ్ నుంచి వచ్చినవాణ్ని" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట రాదని ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. 2025 సెప్టెంబర్‌లో జావా 25లో క్లాస్ లేకుండా రాసే ఆ పద్ధతి ఖాయమైంది, ప్రింట్ చేయడానికి ఐఓ డాట్ ప్రింట్‌ఎల్ఎన్ అంటే చాలు. అమీర్‌పేటలో ఇప్పుడు పాఠం చెప్పే సార్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మొదటి క్లాసు దాంతోనే మొదలుపెట్టండి.

స్ట్రక్చర్డ్ కాంకరెన్సీ, అంటే ఒకేసారి నడిచే పనుల్ని ఒక గుంపుగా చూసుకునే పద్ధతి, మాత్రం 25లోనూ ప్రివ్యూలోనే ఉంది, అది ఐదోసారి. న్యూ అని రాసి మొదలుపెట్టే పాత కన్‌స్ట్రక్టర్లు తీసేసి ఓపెన్ అనే మెథడ్ పెట్టారు, నా శాంపిల్ కోడ్ అంతా తిరగరాయాల్సి వచ్చింది. అందుకు నాకేం బాధ లేదు. కానీ అందులో ఆల్ సక్సెస్‌ఫుల్ ఆర్ త్రో అని ఒకటి, అవెయిట్ ఆల్ సక్సెస్‌ఫుల్ ఆర్ త్రో అని ఇంకొకటి ఉన్నాయి. ఒకటి ఫలితాలన్నీ చేతికిస్తుంది, రెండోది నల్, అంటే ఖాళీ, ఇస్తుంది. కోడ్ రివ్యూలో అలసిపోయిన కళ్లకి ఈ రెండు పేర్లకీ తేడా కనపడదని నేనంటాను. డాక్యుమెంటేషన్ చదివితే తెలుస్తుంది కదా అని మా ఆర్కిటెక్ట్ అంటాడు. ఈ గురువారం మళ్లీ దీని మీదే కూర్చుంటున్నాం, నేనైతే వెనక్కి తగ్గేది లేదు.