అమ్మవారు పోసిందా అన్నారు
రక్తం పడుతుంటే మొలలే అనుకుని ఎనిమిది నెలలు లాగించేశా, ఊళ్లో ఇచ్చిన గోలీలు మింగుతూ. చివరికి గుంటూరులో కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగు ఎడమవైపు సిగ్మాయిడ్ అనే చోట క్యాన్సర్ గడ్డ, స్కాన్‌లో లివర్‌లో మూడు మచ్చలు. పేగుల్లో రక్తం పోర్టల్ వెయిన్ గుండా ముందు లివర్‌కే పోతుంది కదా, అందుకే ఈ క్యాన్సర్ పాకితే ఎక్కువగా అక్కడికే పాకుతుందట.

వెంటనే అన్ని మందులూ ఎక్కిస్తారనుకుంటే డాక్టర్ గారు గడ్డలో రాస్ అనే జన్యువు ఎలా ఉందో చూసే టెస్ట్ రిపోర్ట్ రానివ్వండి అన్నారు. క్యాన్సర్ కణం మీద ఈజీఎఫ్ఆర్ అని ఒక రిసెప్టార్ ఉంటుంది, పెరగమని చెప్పే గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి దానికి అంటుకుంటే లోపల రాస్ ఆన్ అయ్యి కణం పెరుగుతుంది, సెటుక్సిమాబ్ ఇంజక్షన్ ఆ రిసెప్టార్‌కి అడ్డం పడుతుంది. మరి టెస్ట్ ఎందుకండీ అన్నా. "మీ బోరు స్టార్టర్‌లో కాంటాక్టులు అతుక్కుపోతే ఆఫ్ బటన్ ఎంత నొక్కినా మోటారు ఆగుతుందా? రాస్‌లో మ్యుటేషన్, అంటే జన్యువులో మార్పు, ఉన్నా అంతే, ఈ మందు దండగ" అన్నారు. అప్పుడు ఎక్కింది నాకు.

రిపోర్ట్‌లో 'వైల్డ్ టైప్' అని చూసి గుండె జారిపోయింది, అడవి జబ్బేమో అనుకున్నా, తీరా చూస్తే మ్యుటేషన్ లేదని అర్థమట!

ఫోల్‌ఫాక్స్ అనే కీమోతో పాటు సెటుక్సిమాబ్ కూడా మొదలెట్టారు. ఫోల్‌ఫాక్స్ సంగతి చెప్పాలంటే, చల్లటి స్టీలు గ్లాసు పట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టుండేది, మా ఆవిడ నీళ్లు కాచి ఇచ్చేది. సెటుక్సిమాబ్‌కేమో రెండో వారానికి మొహం, ఛాతీ అంతా చీముమొటిమలు. పిన్ని వచ్చి "అమ్మవారు పోసిందేంట్రా" అని గుమ్మానికి వేపమండలు కట్టింది. నేనేమో మందు పడలేదని భయపడుతుంటే డాక్టర్ గారు చూసి నవ్వారు, చర్మంలోనూ అదే రిసెప్టార్ ఉంటుందట, మందు బాగా పనిచేసేవాళ్లలో ఈ మొటిమలు ఎక్కువగా కనిపిస్తాయట. డాక్సీసైక్లిన్ రాసి, ఎండలోకి వెళ్లొద్దన్నారు, గుంటూరు మే నెలలో! మధ్యలో రక్తంలో మెగ్నీషియం పడిపోయి పిక్కలు పట్టేస్తే సెలైన్‌లో ఎక్కించారు.

మూడు నెలలకి లివర్‌లో మచ్చలు చిన్నవయ్యాయి, పేగు ముక్క, లివర్‌లో కొంత ఆపరేషన్ చేసి తీసేశారు, మిగతా కీమో తర్వాత.

ఇప్పటికి రెండేళ్లు. కాలి బొటనవేలి గోరు పక్కన అప్పుడు ఆ మందుకి వచ్చిన పుండు మచ్చ ఇంకా పోలేదు. వచ్చే నెల మళ్లీ సీఈఏ అనే రక్తపరీక్ష, స్కాన్.